గాలి ఆగిన పూట

ముందు వాసన వచ్చింది.

కాలిన రబ్బరు వాసన. దాని వెనకే ఇంధనం ఘాటు. ఆ వెనక... చాలా వెనక... ఏప్రిల్ నెల ఎడారి గడ్డి వాసన. రెండు వానలకి మొలిచి, నాలుగు ఎండలకి మాడిపోయే గడ్డి.

తర్వాత చప్పుడు వచ్చింది. గుండెల్లో మోగే చప్పుడు.

తర్వాత గాలి.

గాలి నిజానికి పొద్దున్నుంచీ ఉంది. జర్కా ఊరు దాటి తూర్పు దారి పట్టినప్పటినుంచీ మా పికప్ తలుపు సందులో ఈల వేస్తూనే ఉంది. నేనే పట్టించుకోలేదు. పొద్దున నాకు గాలితో పని లేదు.

మధ్యాహ్నానికి ఆ గాలే నాకు దిక్కయింది.

పాత రన్‌వే అది. జోర్డాన్ ఎడారి మధ్య నల్లటి గీత. ఏడాదికోసారి జనానికి తెరుస్తారు. ఆకాశంలో విమానాలు, నేల మీద కార్లు, మధ్యలో మేము.

మావాళ్ళు ఎక్కడికి వెళ్ళినా ముందు చాప పరుస్తారు. తర్వాతే తల ఎత్తి చూస్తారు.

చాప పరిచాం. బొగ్గులు రాజేశాం. కెటిల్ పెట్టాం. పుచ్చగింజల సంచి విప్పాం. ఇరుగుపొరుగు చాపలకి సలాం చెప్పాం. అప్పుడు తల ఎత్తాం — నాలుగు చిన్న విమానాలు, ఒకదాని రెక్క ఒకదానికి తగులుతుందేమో అన్నంత దగ్గరగా, తెల్లపొగ వదులుతూ నెత్తి మీదుగా వెళ్ళాయి. జనం హోరుమన్నారు. పొగని గాలి అప్పటికప్పుడే చెరిపేసింది.

మా అమ్మాయి జుమానా వాళ్ళ నాన్న భుజాలెక్కి కూర్చుంది. తొమ్మిదేళ్ళ పిల్ల. ఇంకా భుజాలేంటే అని నేను. నా కూతురు పెళ్ళికూతురయ్యేదాకా ఎక్కుతుంది అని సత్తాం.

సత్తాం నా భర్త.

మనిషి మంచివాడు. ఈ మాట ముందే చెప్పాలి, తర్వాత చెబితే ఎవరూ నమ్మరు.

చెయ్యి మంచిది. ఆయన విప్పి బిగించిన ఇంజను మళ్ళీ షెడ్డు మొహం చూడదు. ఆ రోజు పరుగెత్తబోయే తెల్ల కారు ఇంజను కూడా ఆయన బిగించిందే. మనసు మంచిది. నాకు జ్వరం వస్తే బియ్యం ఆయనే కడుగుతాడు. ఆ సంగతి వాళ్ళమ్మకి తెలియనివ్వడు.

నోరే.

మా మగవాళ్ళకి తలాక్ తాళింపు లాంటిది. అది పడకపోతే మాటకి రుచి ఉండదు.

తలాక్ మీద ఒట్టు, ఈ టీ తాగాల్సిందే. తలాక్ మీద ఒట్టు, ఈ రాత్రికి ఇక్కడే పడుకోవాలి. తలాక్ మీద ఒట్టు, ఈ పుచ్చకాయ లోపల ఎర్రగా ఉంటుంది. మా మామగారు ఒకసారి సంత నుంచి వస్తూ ఇలాగే పుచ్చకాయ మీద ఒట్టేశారు. మా అత్తగారు ఆ కాయ మీద కత్తి పడనివ్వలేదు. కొట్టు మూల పెట్టి, అది కుళ్ళి కారిపోయేదాకా కాపలా కాసింది. ఎర్రగా ఉందో తెల్లగా ఉందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు. ఆవిడ కాపురం మాత్రం నిలబడింది.

ఒట్టు నిలిస్తే అది ఉత్త మాట. ఒట్టు తప్పితే... అది తలాక్.

నోరు వాళ్ళది. వీపు మాది.

నా మొదటి తలాక్ ఒక అతిథి వల్ల అయింది. భోంచేసి వెళ్ళాల్సిందేనని సత్తాం ఒట్టేశాడు. పాపం ఆయనకి బస్సు వేళయింది. నవ్వుతూ చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. నేను గరిటె పట్టుకుని నిలబడే ఉన్నాను. అన్నం ఇంకా పొయ్యి మీదే ఉంది.

రెండోది పక్కింటివాళ్ళ నీళ్ళ ట్యాంకు వల్ల అయింది. దాని గురించి చెప్పడానికి కూడా ఏమీ లేదు... అంత చిన్న సంగతి.

రెండుసార్లూ మా పేట మసీదు పెద్ద, షేక్ దగ్గరికి వెళ్ళాం. రెండుసార్లూ ఆయన, ఇది లెక్కలోకి వస్తుంది నాయనా, అన్నాడు. రెండుసార్లూ సత్తాం ఏడ్చాడు. నన్ను వెనక్కి తీసుకుంటున్నానని చెప్పి ఇంటికి తెచ్చుకున్నాడు.

రెండోసారి షేక్ మమ్మల్ని సాగనంపడానికి గుమ్మం దాకా వచ్చాడు.

"ఇంక నీ చేతిలో ఒక్కటే ఉంది, సత్తాం. మూడోది కూడా అయితే ఈమె నీకు పరాయి మనిషి. అప్పుడు నా దగ్గరికొచ్చి ఎంత ఏడ్చినా లాభం లేదు. నోటికి తాళం వేసుకో."

అమ్మాన్‌లో పెద్ద పండితులు ఇదంతా ఉత్త ఒట్టేనంటారట. పదిమంది పేదలకి అన్నం పెడితే తీరిపోతుందట. మా షేక్ అలా అనడు. రెండుసార్లు ఒక తక్కెడలో తూగి, మూడోసారి తక్కెడ మార్చే మనిషి కాదు సత్తాం.

నేనూ కాదు.

నాలుగేళ్ళు ఆయన నోటికి తాళం ఉంది. నాలుక కొరుక్కునేవాడు. ఒట్టు గొంతు దాకా వస్తే దగ్గేవాడు. ఆ దగ్గు విన్నప్పుడల్లా నాకు ఆయన మీద ప్రేమ పొంగేది.

మర్జూక్ వచ్చాడు. తాళం ఊడింది.

మర్జూక్ సత్తాంకి చిన్నాన్న కొడుకు. నోట్లో గింజలు, కళ్ళల్లో కొంటెతనం. చెప్పులతోనే మా చాప ఎక్కి, నా చేతిలో టీ గ్లాసు అందుకుని, రన్‌వే అవతలి చివరకి చూశాడు. అక్కడ తెల్ల కారు నిలబెట్టారు. దాని పక్కనే పసుపుపచ్చ విమానం, ముక్కుకి పంకా ఉన్నది. ఆ రోజు చివరి వేడుక అదే — కారుకీ విమానానికీ పరుగు పందెం. రెండూ ఒకేసారి బయల్దేరాలి. మేం కూర్చున్న చోట, సరిగ్గా మా ఎదురుగా, సున్నంతో గీసిన గీత దాటాలి.

"ఏరా సత్తాం, నీ గాడిద ఎగిరే పిట్టని పట్టుకుంటుందంటావా?"

"గాడిదని చూడాలంటే అద్దంలో చూసుకో."

"ఇంజను నువ్వే బిగించావటగా, పాపం. సగం దారిలో అది పొగ పెట్టుకుని కూర్చుంటే ఆ విమానమే దిగొచ్చి తాడేసి లాక్కెళ్తుందిలే. ఏం వదినా?"

పక్క చాపల వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. దేవుడు నన్ను క్షమించాలి, నేనూ నవ్వాను.

సత్తాం చెవులు ఎర్రబడ్డాయి.

ఆ చెవుల సంగతి నాకు తెలుసు.

"అబూ జుమానా... జుమానా నాన్నా..." అన్నాను. ఆయన మోచెయ్యి పట్టుకున్నాను కూడా.

"తలాక్ మీద ఒట్టురా! కారే గెలుస్తుంది!"

గింజలు నమిలే చప్పుడు ఆగిపోయింది.

పక్క చాప మీద ఉమ్మ్ ఇయాద్ అనే ముసలామె ఉంది. పొద్దున్నుంచీ మాకు ఏదో ఒకటి తినమని పంపిస్తూనే ఉంది. ఆమె సత్తాంని చూడలేదు. నా మొహం చూసింది.

"ఎన్నోది తల్లీ?" అంది మెల్లగా.

నేను మూడు వేళ్ళు చూపించాను.

ఆమె పైటకొంగులాంటి తన నల్లగుడ్డ చివర నోటికి అడ్డం పెట్టుకుంది. ఆమె నుంచి ఆ పక్క చాపకి, ఆ చాప నుంచి వెనక చాపకి... మాట పాకింది. కొంచెంసేపట్లో ఆ వరసలో ఉన్నవాళ్ళందరికీ నేనెవరో తెలిసిపోయింది. మర్జూక్ చేతిలో టీ గ్లాసు అలాగే ఉండిపోయింది.

సత్తాం జుమానాని భుజాల మీంచి దించాడు. మళ్ళీ ఎక్కించుకున్నాడు. ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదు.

జుమానా పైనుంచి అంతా విన్నది. తలాక్ అంటే ఏంటో దానికి తెలుసు. ట్యాంకు గొడవ నాడు దానికి అయిదేళ్ళు. నేను బట్టలు మూట కట్టుకోవడం చూసింది. మూటలో తన గౌను పెట్టలేదని ఏడ్చింది.

అప్పుడు మైకు గరగరలాడింది.

గాలి ఎక్కువగా ఉంది... విమానాలు కాసేపు ఆపుతున్నాం... పందెం సంగతి తర్వాత చెబుతాం.

గాలి.

అప్పుడు విన్నాను దాన్ని, మొదటిసారి. దూరంగా ఎడారి అంచు నుంచి లేచి వస్తోంది. గడ్డిని పడుకోబెట్టి, గుడారాల గుడ్డలు లాగి, చాపల అంచులు ఎత్తి చూసి వెళ్తోంది. కాగితాలు ఎగిరాయి. ఎవరిదో టోపీ ఎగిరింది. జనమంతా గాలిని తిట్టారు.

నేనొక్కదాన్నే దానికి దణ్ణం పెట్టాను.

గాల్లో దీపం పెట్టి దేవుడా నీదే భారం అంటారు. నేను దీపాన్ని అడగలేదు. గాలినే అడిగాను.

గాలీ, ఆగకు.

విమానం లేవకపోతే పందెం లేదు. పందెం లేకపోతే ఓటమి లేదు. ఓటమి లేకపోతే ఒట్టు తప్పదు. మా అత్తగారి పుచ్చకాయలా... ఈ రోజుని ఎవరూ కోయకుండా ఉంటే చాలు.

గాలీ, ఆగకు.

ఈలోగా కార్లు వదిలారు. ఖాళీ జాగాలో నాలుగైదు కార్లు గానుగెద్దుల్లా ఉన్నచోటే తిరిగాయి. టైర్లు కేకలు పెట్టాయి. నల్లపొగ మా మీదికి వచ్చింది. కుర్రాళ్ళు ఈలలు వేశారు. ఇంకోరోజయితే సత్తాం ఒక్కో కారు గొంతు విని దాని జబ్బు ఏంటో చెబుతూ ఉండేవాడు. ఆ రోజు తలొంచుకుని గింజలు ఒలిచాడు. ఒలిచినవన్నీ నా ముందు కుప్పపోశాడు. తనొక్కటీ నోట్లో వేసుకోలేదు.

"నోరు జారింది, ఫిద్దా," అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. ఆ సామెత నా నోటిదాకా వచ్చింది. మింగేశాను.

"టీ చల్లారిపోతోంది," అన్నాను.

ఎక్కడికి వెళ్తాను? మఫ్రాక్‌లో తమ్ముడు ఉన్నాడు. ఇంటి వెనక గది ఉంది, దాని నిండా ధాన్యం బస్తాలున్నాయి. మరదలు మంచిదే... మూడు రోజులు. పిల్ల ఎవరి దగ్గర ఉంటుంది? సత్తాం ఎవరితో కోప్పడతాడు? రాత్రి దగ్గు వస్తే ఎవరిని లేపుతాడు? నాకు ఆయనంటే ఇష్టం. పదకొండేళ్ళయినా ఇష్టమే. నా ఏడుపంతా అదే. ఇష్టం లేనిదాన్నయితే ఈ గాలి ఎటు వీస్తే నాకేం?

గాలీ, ఆగకు. ఆగకు.

పొద్దు వాలకముందు చేసే అసర్ నమాజుకి మగవాళ్ళు కార్ల వెనక వరస కట్టారు. అందరూ నేలకి నుదురు ఆనించారు. అందరూ లేచారు. సత్తాం అందరికంటే ఆలస్యంగా లేచాడు. కారు గెలవాలని అడిగాడో, గాలి ఆగకూడదని అడిగాడో నేను అడగలేదు.

ఆయన లేచి నిలబడేసరికి గాలి ఆగిపోయింది.

ఎవరో తలుపు వేసినట్టు. గడ్డి నిటారుగా నిలబడింది. గాలివాటం చూడ్డానికి స్తంభానికి కట్టిన ఎర్రగుడ్డ గొట్టం చచ్చిన పిల్లిలా వేలాడింది.

మైకు మళ్ళీ గరగరలాడింది. జనం చప్పట్లు కొట్టారు.

అందరూ తాడు దగ్గరికి పరుగెత్తారు. సత్తాం జుమానాని భుజాల మీద పెట్టుకుని ముందు వరసలో నిలబడ్డాడు. నేను ఆయన వెనక. ఉమ్మ్ ఇయాద్ నా చెయ్యి పట్టుకుంది. ఆమె చెయ్యి గరుగ్గా, వెచ్చగా ఉంది. మా అమ్మ చెయ్యి అలాగే ఉండేది.

జెండా పడింది.

కారు ముందుంది.

కారే ముందుంది! తెల్లగా, చిన్నగా, దాని వెనక దుమ్ము గోడలా లేస్తూ... విమానం ఇంకా నేల మీదే దొర్లుతోంది, బరువుగా, బద్ధకంగా, నీళ్ళబిందె మోస్తున్న ముసలిదానిలా. సత్తాం గొంతు చించుకుని అరిచాడు. మర్జూక్ కూడా అరిచాడు, కారు కోసం. రావే, రావే తల్లీ, అన్నాను నేను. ఒక ఇంజనుని తల్లీ అని పిలిచాను.

విమానం నేల వదిలింది.

అంతే. నేల వదిలాక దానికి బరువు లేదు. దాని నీడ కారు మీద పడింది... కారుని దాటింది... పంకా చప్పుడు మా ముఖాలకి కొట్టింది...

ముందు విమానం. తర్వాత కారు. రెంటి మధ్య ఒక చాప పరిచేంత జాగా.

చూశాను. నా రెండు కళ్ళతో చూశాను.

ఆ వెంటనే దుమ్ము మమ్మల్ని కప్పేసింది. జనం దగ్గారు, తుమ్మారు, ఎవరు గెలిచారు ఎవరు గెలిచారు అని కేకలేశారు. మైకులో మాట్లాడేవాడు నవ్వాడు. "ఎవరు గెలిచారంటారా? గెలిచింది జోర్డాన్!" అన్నాడు. పాట పెట్టాడు. అందరూ చప్పట్లు కొట్టారు. దూరంగా కుర్రాళ్ళు చేతులు కలిపి నాట్యం మొదలుపెట్టారు.

మా వరసలో ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

సత్తాం వెనక్కి తిరగలేదు. దుమ్ము పట్టిన ఆయన మెడ నాకు కనిపిస్తోంది.

"కారే గెలిచింది," అంది ఉమ్మ్ ఇయాద్.

గట్టిగా అంది. అందరికీ వినపడాలని.

"కారే," అన్నాడు ఆమె ముసలాయన. పాపం ఆయనకి చూపు ఆనదు.

"కారేరా అన్నా," అన్నాడు మర్జూక్. "నేను ఓడిపోయా. గాడిదని నేనే. కారే వదినా."

కారే, అంది వెనకనుంచి ఒక గొంతు. వెంట్రుకవాసిలో కారే, అంది ఇంకో గొంతు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు, మళ్ళీ ఎప్పుడూ కనపడనివాళ్ళు, నా కాపురానికి తలా ఒక రాయి పేర్చారు. నాకు ఏడుపు వచ్చింది. ఇంతమంది మంచివాళ్ళా ఈ ఎడారిలో అనిపించింది.

తర్వాత ఒకటి గమనించాను.

ఒక్కరూ వల్లాహి అనలేదు.

ఉప్పు అడిగినా దేవుడి మీద ఒట్టు అంటూ వల్లాహి చేర్చే మనుషులు. ఎండగా ఉంది వల్లాహి, ఆకలేస్తోంది వల్లాహి. ఆ పూట అందరూ ఒట్టి మాటే చెప్పారు. దేవుడి పేరుతో అబద్ధపు ఒట్టు వేస్తే వేసినవాళ్ళ ఇల్లు వాళ్ళ నెత్తిన కూలుతుందని మా దగ్గర పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు. నాకోసం అబద్ధం ఆడారు. నాకోసం ఒట్టు వేయలేదు. తప్పు పట్టను. ఎవరి ఇల్లు వాళ్ళకి ఉంది, ఇంట్లో పిల్లలున్నారు.

సత్తాం కూడా గమనించాడు.

మెల్లగా వెనక్కి తిరిగాడు. కనుబొమల మీద దుమ్ము. కళ్ళు మాత్రం కడిగినట్టున్నాయి.

"నువ్వు చూశావా, ఫిద్దా?"

"దుమ్ము పడింది కళ్ళల్లో," అన్నాను.

చాప దులిపాం. బొగ్గుల మీద మిగిలిన టీ పోశాం. ఉమ్మ్ ఇయాద్ నన్ను కావలించుకుని, చెవిలో, ఇంటికెళ్ళి పడుకోండమ్మా, రేపు మర్చిపోతారు, అంది.

పికప్‌లో ముందు సీట్లో ముగ్గురం. మధ్యలో జుమానా. ఎదురుగా పొద్దు వాలుతోంది. జర్కా మొదట్లో దారి చీలుతుంది — కుడికి వెళ్తే మా ఇల్లు, నేరుగా వెళ్తే షేక్ ఉండే మసీదు. చీలిక దగ్గర సత్తాం బండి పక్కకి తీసి ఆపాడు. ఇంజను ఆపలేదు.

"తల్లీ," అన్నాడు. నన్ను కాదు, కూతుర్ని. "నువ్వు అందరికంటే పైన ఉన్నావుగా. ఎవరు గెలిచారు?"

జుమానా చూసింది చూసినట్టు చెప్పే పిల్ల. చుట్టాల ముందు నా పరువు ఎన్నిసార్లు తీసిందో లెక్క లేదు.

నా వైపు చూసింది.

నేను ఏదో ఒకటి అనాల్సింది. నేనే చూశాను అనాల్సింది. దాన్ని అడగొద్దు అనాల్సింది. అద్దంలోంచి దారినే చూస్తూ కూర్చున్నాను.

"కారే నాన్నా."

సత్తాం కదలలేదు. వింటూనే ఉన్నాడు. ఇంకా ఏదో రావాలన్నట్టు.

"వల్లాహి," అంది జుమానా. గొంతు చిన్నది. మళ్ళీ అంది. "వల్లాహి, కారే."

ఆయన దాని తల మీద ముద్దు పెట్టుకున్నాడు. ఏడ్చాడు. నవ్వాడు. చూసిన నా కళ్ళే నన్ను మోసం చేశాయి, దుమ్ము తల్లీ, దుమ్ము, అన్నాడు. బండి కుడికి తిప్పాడు.

నేను జుమానా చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. విడిపించుకోలేదు గానీ నా వేళ్ళు పట్టుకోలేదు.

మా సందు వచ్చింది. సత్తాం చాప భుజాన వేసుకున్నాడు. నేను కెటిల్ తీసుకున్నాను. జుమానా మాకంటే ముందు దిగి గుమ్మం దాకా వెళ్ళి ఆగింది. తల ఎత్తింది. ఇంటి కప్పుని ఈ చివరనుంచి ఆ చివరదాకా చూసింది.

"అమ్మా, ముందు నేనొక్కదాన్నే వెళ్తా," అంది. "మీరిద్దరూ కాసేపు బయటే ఉండండి."

ఎందుకే, అని సత్తాం నవ్వబోయాడు. నా మొహం చూశాడు. భుజం మీద చాప మెల్లగా కిందికి జారింది.

జుమానా తలుపు తీసుకుని లోపలికి వెళ్ళింది. కాసేపటికి లోపల దీపం వెలిగింది.

మేమిద్దరం వీధిలోనే నిలబడి ఉన్నాం.